పార్టీలు లేని ప్రజారాజ్యం: గోరా జీవితం, హూడి అడిగే ప్రశ్న

అరాచకమన్న మాట వినగానే తెలుగువారికి దోపిడులు, దొమ్మీలు, దిక్కులేని పాలన మనసులో మెదలుతాయి. పాశ్చాత్య దేశాలలో 19వ శతాబ్దిలో పుట్టిన అరాజకవాదం మాత్రం ఆ అర్థంలోనిది కాదు. పైనుండి శాసించే ప్రభుత్వం లేకుండానే మనుషులు పరస్పర సహకారంతో తమ వ్యవహారాలను తామే చక్కబెట్టుకోగలరన్నది దాని సారాంశం. ఫ్రాన్సులో ప్రూధాన్, రష్యాలో బకూనిన్, క్రొపోట్కిన్ ఈ భావానికి రూపమిచ్చారు. క్రొపోట్కిన్ పరస్పర సహాయం గురించి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం 1902లో వెలువడింది. పాలకుల అవసరాన్ని ప్రశ్నిస్తూ జీవితమంతా గడిపిన ఒక తెలుగు బిడ్డ కూడా ఆ ఏడే జన్మించారు. ఆయనే గోరాగా లోకానికి తెలిసిన గోపరాజు రామచంద్రరావు.

గోరా తనను అరాజకవాదిగా చెప్పుకోలేదు. ప్రభుత్వాన్ని పూర్తిగా తీసివేయమని ఆయన కోరలేదు. అయితే ప్రజలకు, ప్రభుత్వానికి మధ్య అడ్డుగోడలుగా నిలిచిన రాజకీయ పార్టీలు అక్కరలేదని, అధికారం గ్రామం నుండి పైకి పోవాలే గాని పైనుండి క్రిందికి దిగరాదని వాదించారు. ఆ విధంగా ఆయన మార్గం అరాజకవాదానికి, నేటి ప్రజాస్వామ్యానికి నడుమ సాగింది. అది ఆచరణకు నిలిచేదేనా అన్న ప్రశ్న గ్రంథాలకు పరిమితమైనది కాదు. పార్టీల పేరిట రెండుగా చీలిన సరిహద్దు పల్లెలకు, ఆ పల్లెలను విడిచి బెంగళూరు తూర్పు అంచున హూడి వంటి చోట్ల బ్రతుకుతెరువు వెతుక్కుంటున్న కుటుంబాలకు అది నిత్యజీవితంలోని ప్రశ్న.

సరిహద్దులో పుట్టిన బిడ్డ

గోరా 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో జన్మించారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాంతో పాటు ఛత్రపురం కూడా అందులో చేరింది. ఇంటిలో మాట్లాడే భాష ఒకటి, కచేరీలో చెల్లే భాష మరొకటి కావడమంటే ఏమిటో సరిహద్దు ప్రాంతాల వారికి వేరుగా చెప్పనవసరం లేదు. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేవారు వేరు, ఆ గీతపై బ్రతికేవారు వేరు.

ఆయనది ఆచారపరాయణమైన బ్రాహ్మణ కుటుంబం. 1922లో సరస్వతితో వివాహం జరిగింది. అప్పటికి ఆమెకు పదేళ్ళయినా నిండలేదు. బాల్యవివాహంతో మొదలైన ఆ దాంపత్యం తరువాతి కాలంలో ఆంధ్రదేశమంతటా పేరుపొందిన ఉద్యమ భాగస్వామ్యంగా మారింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న గోరా అధ్యాపక వృత్తిని చేపట్టారు.

ఉద్యోగాలు వదిలిన దారి

మదురై, కోయంబత్తూరు, కొలంబో, కాకినాడ, మచిలీపట్నం. ఆయన ఉద్యోగ జీవితం ఈ ఊళ్ళ మీదుగా సాగింది. మదురైలోని క్రైస్తవ కళాశాలలో పనిచేస్తున్నప్పుడు, మతం మార్చుకుంటే అమెరికాలో పైచదువులకు పంపగలమన్న అవకాశం ముందుకు వచ్చింది. దానిని ఆయన కాదనుకున్నారు. 1920వ దశకం చివర జంధ్యం విసర్జించడంతో తండ్రి ఆగ్రహించగా, పుట్టింటి నీడ కూడా కోల్పోయారు. కొలంబోలో ఉండగా గర్భవతిగా ఉన్న సరస్వతి గ్రహణ సమయాన బయటకు వచ్చి ఆకాశం చూశారు. బిడ్డకు ఏ లోపమూ కలగలేదు. తాము నమ్మినదాన్ని మొదట తమ ఇంటిలోనే పరీక్షించుకోవడం ఆ దంపతులకు అలవాటైంది.

కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలలో పనిచేస్తుండగా నాస్తిక భావాల కారణంగా 1933లో ఆయన ఉద్యోగం పోయింది. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరినా, అక్కడా భావాలకు, కొలువుకు పొత్తు కుదరలేదు. 1930వ దశకం ముగిసేసరికి అధ్యాపక వృత్తికి స్వస్తి చెప్పారు. పిల్లలు గల సంసారి నెలజీతాన్ని వదులుకోవడం ఆ రోజులలో సామాన్య విషయం కాదు.

పిల్లలకు పెట్టిన పేర్లలోనూ కాలచరిత్రే కనిపిస్తుంది. 1930 ఉప్పు సత్యాగ్రహ సంవత్సరంలో పుట్టిన కుమారునికి లవణం అని, రెండవ ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టిన కుమారునికి సమరం అని పేర్లు పెట్టారు. కులాన్ని గాని, దేవుని గాని సూచించని పేర్లు కావాలన్న పట్టుదల దీనికి కారణం.

ముదునూరు పాకలు

1940 ఆగస్టు 10న కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం వెలిసింది. గ్రామస్థుల ఆహ్వానంపై అక్కడికి చేరిన గోరా కుటుంబం పాకలలో కాపురముంటూ వయోజన విద్య, అస్పృశ్యతా నివారణ కార్యక్రమాలు సాగించింది. పున్నమి వెన్నెలలో అన్ని కులాల వారూ ఒకే బంతిలో కూర్చొని తినే సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేశారు. ఎవరి భోజనం వారే తెచ్చుకొని అందరితో కలసి తినడమన్నది ఇప్పుడు చిన్న విషయంగా తోచవచ్చు. ఊరి బావిలో చేద వేయడానికి కూడా కులం అడ్డుపడిన ఆనాడు అది ఊరిని కదిలించే పని.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం రాగానే కుటుంబంలోని పలువురు జైలుకు వెళ్ళారు. సరస్వతి పసిబిడ్డతోనే కారాగార జీవితం గడిపారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు తరలింది. అప్పటి నుండి గోరా కార్యక్షేత్రం అదే.

గాంధీజీ, గోరా

దేవుడే సత్యమని ఆరంభించి సత్యమే దేవుడన్న నిర్ణయానికి చేరిన గాంధీజీకి, దేవుడే లేడన్న గోరాకు కుదిరిన స్నేహం ఆ కాలపు విశేషాలలో ఒకటి. 1944 చివర సేవాగ్రాంలో ఇద్దరూ మొదటిసారి ముఖాముఖి మాట్లాడుకున్నారు. నాస్తికుని నిజాయితీని గాంధీజీ గుర్తించారు. నాస్తికుడు గాంధీజీ కార్యదీక్షను గౌరవించాడు. ఆ అనుభవాలను గోరా ఆంగ్లంలో గ్రంథస్థం చేయగా, 1951లో నవజీవన్ సంస్థ ప్రచురించింది.

గోరా పెద్ద కుమార్తె మనోరమకు, అస్పృశ్యులుగా చూడబడిన కులానికి చెందిన అర్జునరావుకు సేవాగ్రాంలో వివాహం జరిపించేందుకు గాంధీజీ అంగీకరించారు. వధూవరుల విశ్వాసాలను మన్నించి, ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు ఉంచేందుకు కూడా సమ్మతించారు. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. ఆ మార్చి నెలలో, గాంధీజీ లేని ఆశ్రమంలోనే ఆ వివాహం జరిగింది.

మరణానికి ముందురోజు గాంధీజీ ఒక ముసాయిదా సిద్ధం చేశారు. స్వాతంత్ర్యం సాధించడంతో కాంగ్రెసు పని ముగిసిందని, దానిని రద్దుచేసి లోకసేవక సంఘంగా మార్చాలని అందులో సూచించారు. ప్రభుత్వ అవసరం లేనంతగా ప్రతి మనిషీ తనను తాను పాలించుకోగల స్థితియే ఉత్తమమైనదని ఆయన చాలా కాలంగా చెబుతూ వచ్చారు. గోరా ఈ వారసత్వాన్నే అందిపుచ్చుకున్నారు.

పార్టీ రహిత ప్రజాస్వామ్యం

గోరా ప్రతిపాదనలో క్లిష్టత లేదు. ఓటరు ఎన్నుకునేది మనిషిని. గెలిచిన తరువాత ఆ మనిషి తన ఓటర్లకు గాక పార్టీ నాయకత్వానికి జవాబుదారీ అవుతున్నాడు. సభలో ఒక పక్షం తలపెట్టిన మంచిని రెండవ పక్షం కాదంటుంది, తన పక్షం చేసిన చెడును సమర్థిస్తుంది. కాబట్టి సభ్యులు పార్టీలతో నిమిత్తం లేకుండా ఎన్నిక కావాలి. అధికార పక్షం, ప్రతిపక్షమన్న విభజన లేకుండా సభ అంతా కలిసి మంత్రులను ఎన్నుకోవాలి. ప్రతి విషయంపైనా సభ్యుడు తన వివేకాన్ని అనుసరించి ఓటు వేయాలి. అధికారంలో ఎక్కువ పాలు గ్రామానికి దక్కాలి. మంత్రులు సామాన్యుల వలె జీవించాలి.

భారత రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చినప్పుడు అందులో రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు. ఫిరాయింపుల నిరోధానికి 1985లో చేసిన 52వ సవరణతోనే పార్టీలకు రాజ్యాంగంలో చోటు దొరికింది. ఆ సవరణ తరువాత పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వాన్నే కోల్పోవచ్చు. గోరా కోరిన మార్గానికి దేశం సరిగ్గా ఎదురుదిశలో నడిచిందని దీనివల్ల తెలుస్తుంది.

ఈ ఆలోచనలో ఆయన ఒంటరి కారు. ఎం.ఎన్.రాయ్ తన రాడికల్ డెమొక్రటిక్ పార్టీని 1948లో తానే రద్దుచేసి మానవవాద ఉద్యమానికి పూనుకున్నారు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానోద్యమానికి నాంది పలికిన వినోబా భావే, రాజనీతికి బదులు లోకనీతి రావాలని బోధించారు. జయప్రకాశ్ నారాయణ్ 1959లో పార్టీలు లేని పాలనావ్యవస్థను ప్రతిపాదించారు. మద్రాసులో పుట్టిన ఎం.పి.టి.ఆచార్య ఇంకా ముందుకు పోయి, 1954లో బొంబాయిలో కన్నుమూసేవరకు సంపూర్ణ అరాజకవాదిగానే నిలిచారు. అయితే గోరా తన ఆలోచనను వ్యాసాలకే వదలక వీధిలోకి తెచ్చారు.

నడక, కూరగాయల మొక్కలు

1961–62లో గోరా తన సహచరులతో సేవాగ్రాం నుండి ఢిల్లీకి పాదయాత్ర చేశారు. వెయ్యి మైళ్ళకు పైబడిన దారి అది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం, ఆడంబరం లేని పాలన అన్న రెండు కోరికలను దారి పొడవునా గ్రామాలలో వినిపించారు. తన వాదాన్ని ప్రచారం చేయడానికి స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికలలో కూడా నిలిచారు. గెలుపు దక్కలేదు.

1968లో మరొక వింత సత్యాగ్రహం నడిచింది. ఆహార కొరత బాధిస్తున్న దేశంలో ప్రభుత్వ ఉద్యానవనాలలో పూలమొక్కలు పెంచడం కన్నా కూరగాయలు పండించడం మేలన్నారు. అనడమే గాక అలంకారపు మొక్కల స్థానంలో కూరగాయల మొక్కలు నాటే ఉద్యమం చేపట్టారు. పలువురు నవ్వారు. కాని ప్రజాధనంతో పెరిగే తోట ఎవరి కడుపు నింపుతున్నదన్న ప్రశ్న మాత్రం నిలిచింది. 1949లో ఆరంభమైన సంఘం వారపత్రిక, 1969లో వెలువడిన ఆంగ్ల మాసపత్రిక ఆయన భావాలకు వాహికలయ్యాయి. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది.

ఆచరణ సాధ్యమేనా?

ప్రభుత్వం లేని సమాజాన్ని నిర్మించే ప్రయత్నాలు లోకంలో జరగకపోలేదు. 1918–21 మధ్య ఉక్రెయిన్‌లో మఖ్నో నాయకత్వాన రైతులు, 1936 తరువాత స్పెయిన్‌లో అరాజకవాద కార్మికులు, రైతులు భూములను, కర్మాగారాలను సమష్టిగా నడిపారు. రెండు చోట్లా యుద్ధమే ఆ ప్రయోగాలను అంతం చేసింది. సైన్యం గల రాజ్యం ఎదుట సైన్యం లేని సమాజం నిలవడం కష్టమన్నది ఒక పాఠం. పొలం పంచుకొని పండించుకోవడంలో వారికి కలగని ఓటమి, కాపాడుకోవడంలో కలిగింది.

మన దేశంలో అడ్డంకి వేరు. గ్రామానికి అధికారమంతా అప్పగిస్తే ఆ గ్రామంలో ఎవరి మాట చెల్లుతుందన్నది డాక్టర్ అంబేడ్కర్ లేవనెత్తిన ప్రశ్న. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఆయన గ్రామాన్ని సంకుచితత్వానికి, మతతత్వానికి నిలయంగా అభివర్ణించారు. పైనున్న ప్రభుత్వాన్ని తొలగించినంత మాత్రాన ఊరిలోని పెత్తనం తొలగదు. చట్టం, న్యాయస్థానం లేకపోతే నిర్బలునికి ఆ కాస్త ఆసరా కూడా ఉండదు. పార్టీ గుర్తు కూడా ఒక్కొక్కప్పుడు పేదవానికి రక్షణే అవుతుంది. ఊరి పెద్దకు ఎదురుగా ఒంటరిగా నిలబడలేనివాడు ఒక జెండా కింద నిలబడగలుగుతాడు.

గోరా జీవితంలో ఈ ప్రశ్నకు కొంత సమాధానం ఉంది. ఆయన ముందు సహపంక్తి భోజనాలు పెట్టి, బిడ్డకు కులాంతర వివాహం చేసి, ఆ తరువాతనే పార్టీ రహిత పాలనను గురించి మాట్లాడారు. కులం మనిషి లోపల కూర్చున్న ప్రభుత్వం. దానిని దించకుండా వెలుపలి ప్రభుత్వాన్ని దించడం వ్యర్థమన్నది ఆయన నడిచిన క్రమం నుండి గ్రహించవచ్చు. అయితే ఒక కుటుంబం చేయగలిగిన పనిని కోట్ల కుటుంబాలు ఎప్పటికి చేయగలవన్నది ఆయన కూడా తేల్చలేదు.

గ్రామ పంచాయతీలలో మాత్రం ఆయన ఆశయం ఛాయ ఒకటి మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లోను, కర్ణాటకలోను గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. అయినా ఏ అభ్యర్థి వెనుక ఏ పార్టీ ఉన్నదో ఊరిలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఏకగ్రీవమైన చోట నిజంగా ఊరంతా ఒప్పుకున్నదా, లేక నామినేషను వేయదలచినవాడు వెనుకడుగు వేశాడా అన్నది ఆ ఊరివారికే తెలుసు. గుర్తు తీసివేసినంత మాత్రాన పార్టీ పోదు.

హూడి ఏమి చెబుతుంది?

పార్టీలకే గాక పాలనకే దూరమైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి హూడిని చూడవచ్చు. ఒకప్పుడిది బెంగళూరుకు తూర్పున పొలాలు, చెరువుల నడుమ ఉన్న పల్లె. 1990వ దశకంలో వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్ పార్కు రావడంతో రూపురేఖలు మారాయి. 2007లో ఏడు నగరసభలను, ఒక పురసభను, 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను ఏర్పరచారు. హూడి అందులో ఒక వార్డయింది. 2023 మార్చిలో మెట్రో రైలు కూడా వచ్చింది.

2020 సెప్టెంబరులో పాలికె సభ్యుల పదవీకాలం ముగిసింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఎన్నికలు జరగలేదు. నగరాన్ని అధికారులే నడిపారు. 2025లో పాలికె స్థానే గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం, దాని కింద ఐదు నగరపాలికెలు ఏర్పడ్డాయి. ఆ మధ్యకాలంలో వార్డు సభ్యుడు లేడు. అంటే వార్డు స్థాయిలో పార్టీ సభ్యుడూ లేడు. కాని దానివల్ల పాలన ప్రజల చేతికి రాలేదు. మురుగుకాలువ పొంగితే ఎవరి గుమ్మం తొక్కాలో తెలియని స్థితి మాత్రం వచ్చింది. పార్టీ లేకపోవడం వేరు, ప్రజలు తమను తాము పాలించుకోవడం వేరని ఇది నిరూపించింది. గోరా కోరినది రెండవది.

రెండవదానికి కూడా అక్కడ ఒక నమూనా ఉంది. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో నివాసులు సంఘాలుగా ఏర్పడి నీరు, చెత్త, కాపలా, మరమ్మతులు తామే చూసుకుంటారు. ఖర్చు లెక్కగట్టి పంచుకుంటారు, తగవు వస్తే సమావేశంలో తేల్చుకుంటారు. ఇందుకు వారికి ఏ పార్టీ అవసరమూ రావడం లేదు. పరస్పర సహకారంతో పనులు జరగవన్న మాట అబద్ధమని ఈ సంఘాలు చూపుతున్నాయి. అయితే ఆ సహకారం ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది. 2024 వేసవిలో బెంగళూరు బోర్లు ఎండినప్పుడు డబ్బు గల సంఘం ట్యాంకరు తెప్పించుకోగలిగింది. గోడ వెలుపల రేకుల షెడ్లలో ఉండే కూలీలకు అటువంటి సంఘం లేదు. అందరికీ నీరందించమని అడగడానికి చివరకు ఒక ప్రభుత్వం, దానిని నిలదీయడానికి ఒక ఓటు కావలసి వస్తున్నాయి. సొంత ఊరిలో ఓటు, హూడిలో బ్రతుకు గల వలస కుటుంబానికి ఆ ఓటు కూడా దూరమే.

కనుక అరాజకవాదమా, ప్రజాస్వామ్యమా అన్నదానిని రెంటిలో ఒకటి ఎంచుకునే విషయంగా చూడనక్కరలేదు. ఇరుగుపొరుగు కలిసి చేసుకోగల పనులలో పార్టీకి, పెత్తనానికి తావివ్వకపోవడం మేలు. గోడ దాటిన పనులలో, బలవంతుని నుండి బలహీనుని కాపాడవలసిన చోట, ఎన్నుకున్న ప్రభుత్వం, దానిని ప్రశ్నించే హక్కు తప్పవు. గోరా సహపంక్తి భోజనాలలో గోడ లేదు. నేటి నివాసుల సంఘాలు నేర్చుకోవలసినది అదే.

చివరి మాసం

1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పార్టీలు లేని పాలనను కోరిన జయప్రకాశ్ నారాయణ్ నిర్బంధానికి గురయ్యారు. 1977లో ప్రజాస్వామ్యాన్ని తిరిగి నిలబెట్టడానికి ఆయన పలు పార్టీలను ఒక్కటి చేసి జనతా పార్టీకి అండగా నిలవవలసి వచ్చింది. నియంతృత్వాన్ని దించడానికి ఒక పార్టీ అవసరమైందన్నది, పార్టీ రహిత వాదులందరూ ఆలోచించవలసిన సత్యం.

ఆ పరిణామాన్ని గోరా చూడలేదు. అత్యవసర పరిస్థితి విధించిన నెల రోజులకు, 1975 జూలై 26న, విజయవాడలో గ్రామాలలో రావలసిన మార్పును గురించి సభలో ప్రసంగిస్తూ కుప్పకూలి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు. ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు సరస్వతీ గోరా కేంద్రాన్ని నడిపించారు. కర్ణాటక ప్రభుత్వం ఆమెకు బసవ పురస్కారం అందించి గౌరవించింది. ఆమె 2006 ఆగస్టులో మరణించారు. 2002లో, గోరా శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఎన్నికలలో గెలవని, ఏ పదవీ చేపట్టని గోరా వల్ల పార్టీలు తగ్గలేదు, పెరిగాయి. కాని నాయకుని కోసం ఎదురుచూడకుండా ఊరివారు ఒకచోట కూర్చొని, కులం అడగకుండా, తమ పని తామే చేసుకున్న ప్రతిచోటా ఆయన కలలో కొంత భాగం నిజమవుతూనే ఉంది. చెరువు పూడిక తీయడానికి గాని, బడి గోడ కట్టుకోవడానికి గాని జెండా అక్కరలేదు. ఆ పంక్తిలో చోటు దొరకనివారు ఊరిలో ఎవరైనా ఉన్నారా అన్నది మాత్రం ప్రతిసారీ చూసుకోవాలి.